అక్క ఒడిలో తాళంచెవి

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. బడి కూడా నన్ను పెద్దగా వెతకలేదు. మా ఇంట్లో ఇప్పుడు తెలివితేటల వరుస పెడితే నాది ఆఖరి స్థానం. నా పైన ఉన్నది మనిషి కూడా కాదు, నా కారు తాళంచెవి. దాని పేరే స్మార్ట్ కీ. అది జేబులో పడుకుని ఉండగానే కారుతో మాట్లాడుతుంది, కారు వింటుంది. నేను ఎదురుగా నిలబడి అరిచినా మా ఇంట్లో ఎవరూ వినరు.

పాన్‌గల్‌లో ఉంటూ పెళ్లిళ్లకూ దవాఖానలకూ కిరాయికి కారు నడుపుతాను. పాత కారు అమ్మేసి, పట్నంలో ఒకాయన వాడిన ఈ కారు కొన్నాను. తాళం దూర్చి తిప్పే పని లేదు. తాళంచెవి మన దగ్గర ఉంటే చాలు, పిడి మీద చెయ్యి వేయగానే డోరు తెరుచుకుంటుంది, బటన్ నొక్కగానే ఇంజిన్ మేలుకుంటుంది. కొత్తలో వీధిలో వాళ్లను పిలిచి, రెండు చేతులూ ఖాళీగా చూపించి, గారడీ వాడిలా డోరు తెరిచేవాణ్ని. ఒకటే లోటు. అమ్మినాయన ఒక్క తాళంచెవే ఇచ్చాడు. రెండోది ఎక్కడో పడిపోయిందట.

నా గారడీకి మించిన గారడీని వనపర్తిలో కార్ల అడ్డా దగ్గర తోటి డ్రైవరు ఫోన్లో చూపించాడు. ఇద్దరు దొంగలు. ఒకడు ఇంటి గోడ పక్కన సంచి పట్టుకుని నిలబడ్డాడు, ఇంకొకడు కారు దగ్గర. ఇంట్లో ఉన్న తాళంచెవి మాటను సంచిలోని యంత్రం పట్టుకుని కారు దాకా మోసుకెళుతుంది. సొంతదారే వచ్చాడనుకుని కారు తలుపు తీసేస్తుంది. అద్దం పగలలేదు, తీగ తెగలేదు, కుక్క కూడా మొరగలేదు. దొంగ సీటు బెల్టు పెట్టుకుని మరీ పోయాడు.

ఆ మర్నాడు గద్వాలకు కిరాయి వెళ్లినప్పుడు, కార్లకు వైరింగు చేసే ఆయన దగ్గర ఆగాను. విషయం చెప్పాను.

"తాళంచెవి ఏడ పెడ్తవు?" అని అడిగాడు.

"తలుపు పక్కన మొలకు తగిలిస్త."

"అంటే దొంగ చేతికి అందేటట్టు తగిలిస్తున్నవు. ఇనుప డబ్బాల పెట్టు. మూత గట్టిగుండాలె, సిగ్నల్ బయటికి రావొద్దు. ఉత్తగ పెట్టి నమ్మకు. డబ్బా పట్టుకొని కారు కాడికి పోయి డోరు గుంజి చూడు. తెరుచుకున్నదా, ఆ డబ్బా దండుగ. స్టీరింగుకు ఇనుప రాడ్ వెయ్యి. ఇంకోటి, రెండో తాళంచెవి చేయించుకో."

మొదటి రెండూ శ్రద్ధగా విన్నాను. మూడోది చెప్పేసరికి నాకు ఫోన్ వచ్చింది.

ఇంటికి వచ్చి డబ్బాల పరీక్ష మొదలుపెట్టాను. స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి కారు దగ్గరికి పోతే డోరు తెరుచుకుంది. పోపుల డబ్బాలో పెడితే తెరుచుకుంది, పైగా తాళంచెవికి ఆవాలు అంటుకున్నాయి. చివరికి ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి, మూత బిగించి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వీధిలోకి వెళ్లాను. డోరు రాలేదు! ఎదురింటి పెద్దమ్మ గడపలో కూర్చుని అంతా చూస్తోంది.

"ఏందయ్యా, కారుకు పప్పు పెడ్తున్నవా?"

"అవు పెద్దమ్మా, పెట్రోలు తాగి తాగి కడుపుల మంట అంటుంది."

అంతలో నా భార్య వచ్చి కుక్కర్ లాక్కుంది. "పొద్దుగాల సంది పప్పు నానుతుంది. దొంగలొచ్చేదాక మేం పస్తులుండాల్నా?"

కుక్కర్ పోయింది కాబట్టి ఇంకో దారి వెతికాను. చపాతీలు చుట్టే సిల్వర్ కాగితం తెచ్చి, తాళంచెవికి మడత మీద మడత చుట్టి, బియ్యం పోసుకునే పాత రేకు డబ్బాలో అడుగున పాతిపెట్టాను. కారు చెవిటిదైపోయింది. ఎంత గుంజినా డోరు కదల్లేదు. ఇక ఏ యంత్రం వచ్చినా బియ్యంతో మాట్లాడుకోవాల్సిందే అనుకున్నాను.

"ఏడ దాసినవు?" అని నా భార్య అడిగింది.

"చెప్ప. దొంగ కత్తి చూపిస్తే నువ్వు చెప్పేస్తవు."

"కత్తి దేనికి? మంచిగ మాట్లాడి అడిగినా చెప్త."

అందుకే చెప్పలేదు.

ఇదంతా నా భార్య తమ్ముడి పెళ్లి దగ్గరపడిన రోజుల్లో జరిగింది. అత్తగారి ఊరు కర్ణాటక అంచున ఉన్న అయిజ, పెళ్లి గద్వాలలో ఫంక్షన్ హాల్లో. మా అత్త పెళ్లికొడుకు కోసం ఇంకెవరిదో కారు మాట్లాడుకుంటే, నేనే ఫోన్ చేసి వద్దనిపించాను. "అల్లుడు కారు పెట్టుకొని కిరాయి కారెందుకత్తా? పెండ్లికొడుకు నా కార్ల దిగుతడు" అన్నాను. ఆమె ఊరంతా చెప్పుకుంది. ముహూర్తాల రోజులు. మా చుట్టుపక్కల జిల్లాల్లో తిరిగే కారు ఏదీ ఖాళీ లేదు. పెళ్లికొడుకు వేళకు పీటల మీదికి రావాలన్నా, అత్తగారింట్లో నేను మళ్లీ తలెత్తుకుని భోంచేయాలన్నా ఈ కారు కదలాలి.

పెళ్లి బుధవారం. సోమవారం నాడు మా అక్కను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోశాం. మా అక్కది బల్మూర్. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ, అన్నీ ఆడబిడ్డ ఒడిలో పోసి ముడి వేస్తారు. ఆ ముడిని దారిలో విప్పకూడదు. అత్తగారింట్లో మంచిరోజు చూసి, దీపం వెలిగించి, ముత్తైదువల నడుమ విప్పి వండుకోవాలి. ఆ పూట నేను కారును కడిగి తళతళలాడించి పక్కన పెట్టాను. పెళ్లికొడుకు ఎక్కేదాకా దుమ్ము పడొద్దని అక్కనూ బావనూ బస్సెక్కించి, నా పాత మోటారు సైకిల్ మీద వనపర్తికి రిబ్బన్లు కొనడానికి పోయాను. వచ్చేసరికి నా భార్య ముఖం మాడ్చుకుని ఉంది. తమ్ముడి పెళ్లి పనుల అలసట అనుకున్నాను.

మంగళవారం పొద్దున రేకు డబ్బాలో చెయ్యి పెట్టాను. వేళ్లకు డబ్బా అడుగు తగిలింది. బియ్యం లేదు. బియ్యం కింద ఉండాల్సింది అసలే లేదు. డబ్బాను బోర్లించి తట్టాను. ఒక పురుగు పడింది.

"ఏం ఎతుకుతున్నవు? ఇంకో వెండి గిన్నె దాసినవా?" వెనక నుంచి నా భార్య.

"వెండి గిన్నె ఏంది?"

"నాకు తెల్వదనుకున్నవా? మెరిసే కాగితంల చుట్టి, నాకు కనవడొద్దని బియ్యంల పెట్టినవు. అక్కకు పెట్టుకుంటే నేనొద్దంటనా? నా చేతులతోనే మీ అక్క ఒడిల పోసిన. కుడుకల నడుమ పెట్టి, బొట్టు పెట్టి, మొక్కిన గూడ. పెండ్లయిన సంది నాకు ఒక్క కుంకుమ భరిణె తెచ్చినవా?"

"అది వెండి గాదే! కారు తాళంచెవి!"

నా భార్య ముందు పడీ పడీ నవ్వింది. తర్వాత ఆ కారు ఎక్కాల్సింది తన తమ్ముడే అని గుర్తొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది.

మోటారు సైకిల్ తీసి నాగర్‌కర్నూల్ మీదుగా బల్మూర్ చేరేసరికి ఎండ మాడిపోతోంది. అక్క ఇంట్లో దేవుడి గూటి ముందు ఒడిబియ్యం మూట పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే అక్క వాకిట్లో నుంచే మొదలుపెట్టింది.

"ఎందుకురా గంత ఖర్చు వెట్టినవు? చేతికి గట్టిగ తగిల్నప్పుడే అనుకున్న, వెండేనని. వాడకట్టంత చెప్పిన, మా తమ్ముడు గిట్ల పెట్టిండని."

వాడకట్టు మొత్తం వెండి అనుకుంటున్నదాన్ని బ్యాటరీ వేసిన ప్లాస్టిక్ ముక్క అని చెప్పడానికి నా నోరు మామూలుగా ఉన్నంత పదునుగా లేదు. చెప్పాను. 

"సిల్వర్ కాగితం మటుకు నిజమే అక్కా," అన్నాను.

"నోరు ముయ్యి."

"ముడి ఇప్పు అక్కా. రేపు పొద్దుగాల పెండ్లికొడుకును తీస్కపోవాలె."

"శుక్కురారం దాక ఇప్ప. ముత్తైదువలకు చెప్పి వచ్చిన. ఇది మీ బావ ఆయుష్షుకు సంబంధించింది."

నేను బావ వైపు చూశాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "బామ్మర్దీ, నా ఆయుష్షు ఎక్కువనా, నీ కారు ఎక్కువనా? జర ఆలోచించి చెప్పు."

నేను నిజంగానే కొంచెం ఆలోచించాను. అది ఆయన కనిపెట్టాడు.

చివరికి దారి చూపింది అక్కే. "ముడి ఇప్ప. గని మూటతోని నేనొస్త. పెండ్లికి నాక్కూడ పిలుపున్నది గద. తాళంచెవి లోపలుంటే కారు దానంతటది షురువైతదంటివి?"

అలా మోటారు సైకిల్ వెనక అక్క, అక్క ఒడిలో మూట, మూటలో తాళంచెవి. గుంత వచ్చినప్పుడల్లా నా వీపు మీద ఒక చెయ్యి పడేది. "మెల్లగ! ఒడిబియ్యం!"

ఇంటికి చేరాక అక్కను కారు పక్కన నిలబెట్టి డోరు గుంజాను. కదల్లేదు. నేను చుట్టిన కాగితం అంత బాగా పనిచేస్తోంది! అప్పుడు గుడ్డ పైనుంచే గట్టి వస్తువును తడిమి పట్టుకుని, బొటనవేలితో కాగితాన్ని రుద్ది రుద్ది చింపాను. ఎదురింటి పెద్దమ్మ ఈసారి పీట తెచ్చుకుని కూర్చుని మరీ చూసింది.  మూటను పిడికి ఆనిస్తే డోరు తెరుచుకుంది. అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టి, మూటను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే ఇంజిన్ పలికింది. మూట లేకపోతే పలకదు, మూట ఉన్నా ఆనించకపోతే పలకదు.

బుధవారం తెల్లవారుతుండగా బయల్దేరి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి అయిజ చేరాం. మా అత్త హారతి పళ్లెంతో వాకిట్లో నిలబడింది. ముందు సీట్లో పసుపు మూట ఒడిలో పెట్టుకుని, సీటు బెల్టు బిగించుకుని, దిగకుండా కూర్చున్న మా అక్కను చూసింది. మా అత్తకు కోపం వస్తే కన్నడం వస్తుంది.

"ఏనిదు? ఏందల్లుడా ఇది? పెండ్లి నా కొడుకుదా, మీ అక్కదా?"

"మా అక్క లేకుంటే కారు కదలదత్తా."

"మరి మొన్నటిదాక ఎట్ల కదిలింది?"

అక్క అద్దం దించి చెప్పింది. "మొన్నటిదాక మీ అల్లునికి తెలివి లేకుండె అత్తా. మొన్ననే వచ్చింది."

బాసింగం కట్టుకున్న పెళ్లికొడుకు వెనక సీట్లో, వాడికి అటు మా అత్త, ఇటు నా భార్య. గద్వాల దారిలో పెట్రోలు పోయించుకోవడానికి ఆగాం. అక్క దిగి, మూటను కింద పెట్టకూడదు కాబట్టి దానితోనే బాత్రూముకు నడిచింది. నీళ్లు లేవట, పక్క హోటలుకు పోయింది. బ్యాండు వాళ్లు హాలు దగ్గర వాయించడం మొదలుపెట్టారని పెళ్లికూతురి వాళ్ల ఫోన్. అక్క తిరిగి వచ్చి కూర్చుంది. మూట ఆనించి నొక్కాను. తాళంచెవి కనబడలేదని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. మళ్లీ నొక్కాను. కనబడలేదు. నడిచేటప్పుడు బియ్యం కదిలి తాళంచెవి లోపలికి జారిపోయింది. వెనక నుంచి మా అత్త ఊపిరి నా మెడకు తగులుతోంది. ఇంకో మాట వస్తే అది కన్నడమేనని తెలుసు.

పెళ్లికొడుకు బాసింగం పైకెత్తి ముందుకు వంగాడు. "వదినా, నీ కాళ్లు మొక్కుత, జర జాడియ్యి!"

అక్క మూటను చంటిపిల్లను జోకొట్టినట్టు ఊపింది, అటు ఒక చరుపు, ఇటు ఒక చరుపు. గట్టి వస్తువు గుడ్డకు వచ్చి తగిలింది. బటన్‌కు ఆనించింది. ఇంజిన్ పలికింది. కారులో అందరం ఒక్కసారే అరిచాం. బంకు అతను ఏమనుకున్నాడో, చేతులు జోడించాడు. పెళ్లికొడుకు ముహూర్తానికి ముందే పీటల మీద కూర్చున్నాడు. మా అత్త నాకు స్వయంగా లడ్డు వడ్డించింది. అక్కకు మాత్రం రెండు వడ్డించింది.

శుక్రవారం దాకా తాళంచెవి ఎక్కడ ఉంటే నేనూ అక్కడే ఉండాలి కదా. పెళ్లి అయ్యాక అక్కను కారులోనే బల్మూర్ తీసుకెళ్లి, నా భార్యతో సహా అక్కడే ఉండిపోయాం. శుక్రవారం దీపం వెలిగించి, ముత్తైదువల నడుమ ముడి విప్పారు. పసుపు బియ్యం అంటుకున్న తాళంచెవిని అక్క కడిగి, తుడిచి, బొట్టు పెట్టి నా చేతిలో పెట్టింది. అందరూ నవ్వుతున్నారు. ఊరుకోలేక నేనూ ఒక మాట వదిలాను.

"అక్కా, ఇంత గట్టి తాళం ఏ కంపెనీ చేయలేదు. ఇగ దొంగ నా కారును ఎత్తుకపోవాలంటే ముందుగాల నిన్ను ఎత్తుకపోవాలె."

అక్క పొయ్యి మీద ఒడిబియ్యం వండుతూ, గంటె తిప్పుతూనే, తల కూడా ఎత్తకుండా అంది: "ఎత్తుకపోనీ. వాడన్న నన్ను ముందు సీట్ల కూసోవెట్టి తిప్పుతడు. నువ్వు కారు గొన్న సంది బస్సే ఎక్కిస్తివి. తాళంచెవి నా ఒడిల వడితే గని నేను నీకు యాదికి రాకపోతి."