ముందు బండికి

లారీల షెడ్డులో డీజిలు చూసే ఆవిడను డ్రైవర్లంతా వదినా అంటారు. తుఫాన్ల కాలం వస్తోందంటే ఆవిడ కంటిమీద కునుకుండదు. పెద్ద ట్యాంకులో కొలకర్ర దించి, అడుగున తగిలిన తడిని వేళ్లతో నలిపి, నీళ్లు చేరలేదని తేలితేనే ఊపిరి పీల్చుకుంటుంది. సాయంత్రం ప్రతి బండిలోనూ డీజిలు అంచుదాకా నిండితే తప్ప డ్రైవరు దగ్గర తాళంచెవి పుచ్చుకోదు.

"పొద్దున పోయించుకుంటాలే వదినా, ఆకలేస్తోంది," అని పాలలారీ డ్రైవరు రోజూ గునిసేవాడు.

"ముందు బండి తినాలి, తర్వాతే నువ్వు," అనేది.

మొన్నటి తుఫానుకు కరెంటు పోయి, ఊళ్లో పెట్రోలు బంకులన్నీ మూతపడ్డాయి. గాలి తెరిపివ్వగానే ఈ షెడ్డు లారీలు మాత్రం హారన్లు మోగించుకుంటూ వరసగా బయల్దేరాయి. అన్నిటికన్నా ముందు, ఆస్పత్రికి పాలు తీసుకెళ్లే లారీ.

"బండి కడుపు నిండింది వదినా, నేనే పస్తు!" అని డ్రైవరు కిటికీలోంచి అరిచాడు.

ఆవిడ మునివేళ్ల మీద నిలబడి తన అన్నం డబ్బా అందించింది.

"ఇందా, ఇప్పుడు నీ వంతు."