తామరైసెల్వి వేసిన చెడ్డ అతుకు

రెండో ముక్క కూడా టపీమని విరిగింది.

ఆ శబ్దానికి తువాక్కుడిలోని పళనియప్పన్ షాపులో గ్రైండర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ప్రెస్సు దగ్గర తామరైసెల్వి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. ఆ షాపులో వెల్డింగు పద్ధతులు రాసేది ఆవిడే. ఏ లోహానికి ఏ రాడ్డు, ఎంత కరెంటు, ముందుగా ఎంత వేడి చెయ్యాలి, అన్నీ ఆవిడే తేల్చాలి. ఆ ప్రకారం వెల్డరు పలకలు అతుకుతాడు. వాటిని సన్నటి ముక్కలుగా కోసి, ప్రెస్సులో రోలరు చుట్టూ వంచి చూస్తారు. పగలకపోతే పద్ధతి పాసైనట్టు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ రాసిన పద్ధతి ఒక్కటీ తప్పలేదు. ఈసారి వచ్చినది మాత్రం కొలిమి గొట్టాల కోసం పోతపోసిన కొత్తరకం లోహం. ఏ పట్టికలోనూ దాని పేరు లేదు. నిప్పుల్లో ఏళ్ళ తరబడి నిలబడుతుంది గానీ, వంగమంటే మహా మొండి.

షాపు యజమాని పళనియప్పన్ విరిగిన ముక్కని కాలితో తన్నాడు. "ఏమయ్యా ఆరోక్యం, చెయ్యి వణుకుతోందా? వయసైపోతే చెప్పెయ్, గ్రైండింగులో కూచోబెడతా."

ఆ పలకలు అతికింది ఆరోక్యసామే. ఊళ్ళో సగంమంది వెల్డర్లకు రాడ్డు పట్టుకోవడం నేర్పిన మనిషి. అలాంటివాడు అందరి ముందూ తల దించుకుంటే తామరైసెల్వికి ఒళ్ళు మండిపోయింది.

"పద్ధతి నాది సార్. తిట్టాలంటే నన్ను తిట్టండి."

"నిన్నూ తిడతాలే, తొందరేముంది? మంగళవారం ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఆయన ముందు కూడా విరిగిందా, గొట్టాల పని వెనక్కి పోతుంది. ఆరోక్యం ఇక రాడ్డు ముట్టడు. అంతే!"

అందరూ టీకి వెళ్ళారు. తామరైసెల్వి వెళ్ళలేదు. కోపంగా ఉన్నప్పుడు ఏదో ఒకటి విరగ్గొట్టాలనిపించే మనిషి ఆవిడ. అసలు అతుకే లేని ఒట్టి లోహపు ముక్కనొకదాన్ని అందుకుని ప్రెస్సులో పెట్టి నొక్కింది. అదీ టపీమంది.

"ఓరి నాయనో!" అని అక్కడే చతికిలపడింది.

ఆ రోలరు ప్రెస్సుతోపాటే వచ్చింది. వచ్చిన రోజు నుంచీ దాన్ని ఎవరూ విప్పిన పాపాన పోలేదు. మామూలు ఇనుముకి అది సరిపోతుంది గనక అన్నింటికీ అదే. దాని చుట్టూ వంగాలంటే ముక్క పైపొర వందకి ఇరవై పాళ్ళు సాగాలి. ఈ మొండి లోహం ఎనిమిది పాళ్ళు సాగితే గొప్ప. తక్కువ సాగేవాటికి, వంపు తగ్గేలా, పెద్ద రోలరు వాడవచ్చని రూలు పుస్తకంలో ఉండనే ఉంది. అలాంటి లోహం మనకెందుకొస్తుందిలే అని ఆ పేజీ అందరూ తిప్పేసేవాళ్ళు, ఆవిడతో సహా.

"ఆరోక్యం అన్నా, ఇలా రా!" అని టీకొట్టు దాకా వినబడేలా అరిచింది. "కాల్చిన అప్పడాన్ని దోసెలా మడవమని కూచున్నాం ఇన్నాళ్ళూ! అతుకు లేని ముక్క కూడా విరిగింది, చూడు!"

ఆరోక్యసామి ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. తుండుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. "అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాట" అన్నాడు.

మంగళవారానికల్లా పక్క లేత్ షాపులో పెద్ద రోలరు తయారైంది. ఇన్‌స్పెక్టర్ వైద్యలింగం పుస్తకం చూశాడు, లెక్క చూశాడు, రోలరు కొలిచాడు.

"రూలు ఒప్పుకుంటుందమ్మా, నేనూ ఒప్పుకుంటా. కానీ ఒక మాట. ఇంత లావు రోలరు మీద ఏది పెట్టినా పాసైపోతే అదేం పరీక్ష? చెడ్డ అతుకు ఒకటి వేయించి వంచండి. అది విరగాలి. అప్పుడు ఇతని ముక్క చూస్తా."

న్యాయమైన మాటే. తామరైసెల్వి ఆరోక్యసామి వైపు తిరిగింది. "అన్నా, ఒకటి పాడుచేసి పెట్టు."

పాపం, ఆయన కూర్చున్నాడు. కరెంటు తగ్గించాడు, రాడ్డు ఎడంగా పట్టాడు, పళ్ళు బిగించాడు. తీరా చూస్తే అతుకు మల్లెల దండలా వరుసగా వచ్చింది. కోసి వంచితే చక్కగా వంగింది. షాపంతా ఒకటే నవ్వులు.

"నావల్ల కాదు సెల్వమ్మా. చెయ్యి మాట వినడం లేదు."

వైద్యలింగం గడియారం చూసుకున్నాడు. పళనియప్పన్ మొహం మాడిపోయింది. "చెడగొట్టడానికి కూడా చేతకాదా మీకు?"

"నాకు చేతనవును" అంది తామరైసెల్వి.

తనకి అతకడం రాదన్న సంగతి ఆవిడ ఎన్నో ఏళ్ళుగా దాచుకుంది. వాళ్ళ నాన్న పేరుమోసిన వెల్డరు. ఆయన ఎంత నేర్పినా కూతురి అతుకు ఏనాడూ తిన్నగా రాలేదు. ఆ సిగ్గుతోనే డిప్లొమా చదివి పద్ధతులు రాసే పనిలోకి వచ్చింది. షాపులో అందరి ముందూ రాడ్డు పట్టడం ఇదే మొదలు. చీర కొంగు దోపి, వెల్డర్ల ముసుగు మొహం మీదికి దించుకుంది. రాడ్డు అంటుకుపోయింది, లాగింది, మళ్ళీ అంటుకుపోయింది. నవ్వు ఆపుకోలేక గ్రైండింగువాళ్ళు గోడవైపు తిరిగారు.

మధ్యాహ్నానికి ఆ పలకని కోసి, పైన నున్నగా అరగదీసి ప్రెస్సులో పెట్టారు. అందరూ చుట్టూ మూగారు. సగం కూడా వంగకుండానే అతుకు పక్కగా నోరు తెరిచి ఫెళ్ళున రెండయింది.

"విరిగింది! అక్కది విరిగింది!" అని చప్పట్లు, ఈలలు. విరిగిన ముక్కకి ఆ షాపులో పండగ చేసుకోవడం అదే మొదటిసారి.

తర్వాత ఆరోక్యసామి ముక్కలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అన్నీ రోలరు చుట్టూ సద్దు లేకుండా వంగాయి. వైద్యలింగం భూతద్దం పెట్టి వెతికాడు. వెంట్రుకంత పగులు కూడా లేదు. "పాస్" అని సంతకం పెట్టి, ఆరోక్యసామికి నమస్కారం పెట్టాడు. పళనియప్పన్ గొంతు సవరించుకుని, గొట్టాల పని మొత్తం ఆరోక్యమే చూసుకోవాలన్నాడు. తామరైసెల్వి ముసుగు మళ్ళీ దించుకుని, దాని వెనక హాయిగా ఏడ్చింది.

ఇప్పుడు ఆ షాపుకి కొత్త లోహం ఏదొచ్చినా ముందు ఆవిడతోనే ఒక చెడ్డ అతుకు వేయిస్తారు. అది విరిగితేగాని మిగతావాళ్ళ ముక్కలు వంచరు. ఆరోక్యసామి తన ముసుగు తనే తుడిచి ఇచ్చి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఆవిడ దర్జాగా, ఊరంతా చూస్తుండగా, వంకరగా వేస్తుంది.