నూనెతో తిరిగే చక్రం

సరంగు చొక్కా తొడుక్కోవడం చూస్తే పగవాడికైనా జాలేస్తుంది. ముందు కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి, చంటిపిల్లాడి చేతిని దూర్చినట్టు చొక్కాలోకి దూర్చుకోవాలి. ఆ తర్వాత మంచం మీద కూలబడి కాసేపు ఊపిరి తీసుకోవాలి. బొత్తాలు భార్య పెడుతుంది. పెడుతూ ఆవిడ రోజూ ఒకే తిట్టు తిడుతుంది, ఈయన రోజూ ఒకేలా వినిపించుకోడు. ఇంతా చేసి ఆ మనిషి బయల్దేరేది ఆస్పత్రికి అనుకునేరు. కాదు, రేవుకి. ఆ చేత్తోనే పడవెడు జనాన్ని ఏరు దాటించడానికి.

ఏటికి అవతల ఫ్యాక్టరీ ఉంది. వంతెన ఎక్కడో దూరాన ఉంది. పొద్దున పనికెళ్లేవాళ్లనీ సాయంత్రం తిరిగొచ్చేవాళ్లనీ దాటించే మోటారు బోటు ఈయనదే. భార్య టిక్కెట్లు కోస్తుంది, తాడు విప్పుతుంది, తాడు కడుతుంది, వీలు చిక్కినప్పుడల్లా మొగుణ్ణి సాధిస్తుంది. చక్రం మాత్రం ఆయన సొంతం. ఇంకో మనిషి దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. ముట్టుకున్నా తిప్పలేడు, అదీ అసలు సంగతి.

అది అంత బరువెక్కడానికి కారణం కూడా ఈయనే. బోటు వెనక తగిలించిన పాత ఇంజను ముసలిదైపోతే, దానికి రెండింతల బలమున్నది తెచ్చి పెట్టాడు. ఇంత పెద్ద ఇంజనుకి ఆ పాత కేబుల్ స్టీరింగు చాలదు, అదీ మార్చేద్దామని మెకానిక్కు అప్పుడే మొత్తుకున్నాడు. వింటేగా? ఇన్నేళ్లు తిరిగిన చక్రం ఇప్పుడు తిరగదా అని మీసం దువ్వాడు. తిరిగింది మహాప్రభో, కాకపోతే దాని ఇష్టం వచ్చినట్టు తిరిగింది. వేగం పెంచితే చాలు, ఇంజను బోటుని కుడికి లాగేస్తుంది. దానికి ఎదురు, చక్రాన్ని ఎడమకి బిగబట్టి నిలబడాలి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే మరి.

చివరికి కుడిచెయ్యి లేవక ఆస్పత్రికి వెళితే, డాక్టరు భుజాన్ని అటూ ఇటూ కదిపి చూసి, కీలు బిగుసుకుపోయిందన్నాడు. కొన్నాళ్లపాటు చక్రం ముట్టుకోవద్దన్నాడు. మొండికేసి ఇలాగే పట్టుకుంటే ఈ చెయ్యి ఇక జన్మలో తలదాకా లేవదని కూడా చెప్పాడు. సరంగు ఇంటికొచ్చి అందులో తనకి నచ్చిన ముక్క మాత్రం చెప్పాడు. చేతి మీద బరువు తగ్గించుకోమన్నాడంతే, అన్నాడు. అబద్ధం ఆడాలని కాదు పాపం. చక్రం దగ్గర నిలబడకపోతే తనెవరో ఆయనకే తెలీదు. రేవులో అందరూ ఆయన్ని సరంగనే పిలుస్తారు. చక్రం లేని సరంగుని ఏమని పిలుస్తారు? ఆ ఆలోచన వస్తే నొప్పి కంటే ఎక్కువ భయమేసేది.

చేతి మీద బరువు తగ్గించమన్నాడు కదా అని భార్య ఊరుకోలేదు, తిన్నగా వెళ్లి మెకానిక్కుని లాక్కొచ్చింది. అతను ఆవిడ అక్క కొడుకు వరసవుతాడు. మాటల పుట్ట. బోటు ఎక్కడం ఎక్కడమే నూనెతో తిరిగే హైడ్రాలిక్ స్టీరింగు గురించి చెప్పడం మొదలెట్టాడు. చక్రం వెనక చిన్న పంపు ఉంటుందట, ఇంజను దగ్గర సిలిండరు ఉంటుందట, మధ్యలో గొట్టాల నిండా నూనె. చక్రం తిప్పితే నూనె వెళ్లి ఇంజనుని నెడుతుంది. చెయ్యి తీసేస్తే నూనె ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, చక్రం కదలదు, ఇంజను లాగుడు చేతిదాకా రానే రాదు. సరంగు అంతా విని, మరి ప్రొపెల్లరుకి నాచు చుట్టుకుంటే నాకెలా తెలుస్తుంది, ప్రవాహం మారితే ఎవరు చెబుతారు, ఇప్పుడైతే అరచేతికి తెలిసిపోతుంది, అన్నాడు. అది నిజమే, ఆ చక్రం ఏమీ చెప్పదు బాబాయ్ అని ఒప్పుకున్నాడు మెకానిక్కు. ఒప్పుకున్నాక సరంగుకి ఇంకేం కావాలి? అయితే వద్దు పో అన్నాడు.

భార్య మాత్రం వదల్లేదు. కొనకపోతే మానె, ఒకసారి పట్టుకుని చూస్తే ఏం పోయిందని నస పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం, జనం ఉండని వేళ, మెకానిక్కు తను హైడ్రాలిక్ స్టీరింగు బిగించిన వేరేవాళ్ల బోటొకటి అడిగి తెచ్చాడు. ముగ్గురూ ఎక్కారు. సరంగు చక్రం దగ్గర నిలబడి, కాళ్లు ఎడంగా పెట్టి, పళ్లు బిగించి వేగం పెంచాడు. అంతే, బోటు ఎడమకి తిరిగి ఒడ్డు బురద మీదికి బయల్దేరింది. కంగారుపడి ఇటు తిప్పాడు. కాసేపు కుదురుగా నడిచి మళ్లీ ఎడమకే పోయింది. మూడోసారి బోటు ముక్కు బురదలో దిగబడింది కూడా. రేవులో కూర్చున్నవాళ్లు చూసి నవ్వుతున్నారు.

ఇంజను వంకరగా బిగించావురా అన్నాడు సరంగు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. కాదు బాబాయ్, ఇక్కడ లాగేది ఏమీ లేదు, నువ్వే ఎడమకి లాగుతున్నావు, అన్నాడు మెకానిక్కు. నేనా అని సరంగు తన చేతుల వంక చూసుకున్నాడు. నిజంగానే లాగుతున్నాయి. ఆపమంటే ఆగడం లేదు. ఎదురు నెట్టేవాడే లేని చోట ఒక్కణ్ణే బలం పెట్టి నిలబడ్డానే అని సిగ్గేసింది.

బురదలోంచి బోటుని వెనక్కి తీశాక, ఏదీ నన్నొకసారి చూడనీ, అంది భార్య. ఇన్నేళ్లుగా బోటులో తిరుగుతూ చక్రం పట్టుకోవడం ఆవిడకి అదే మొదలు. భయంభయంగా పట్టుకుంది. అవతలి రేవు వైపు చూస్తూ మెల్లగా వేగం పెంచింది. బోటు గీత గీసినట్టు వెళ్లింది. మర్చిపోవాల్సింది ఆవిడకేమీ లేదు కదా, కళ్లెటు చూస్తే చేతులు అటు పోయాయి.

సగం ఏరు దాటాక ఆవిడ వెనక్కి తిరక్కుండానే అంది, "ఇంత తేలికటయ్యా ఇది? నువ్వేమో ఇన్నాళ్లూ..."

మిగతా మాట మింగేసింది. మింగినా ఆయనకి వినపడింది. ఆ సాయంత్రం తన బోటు మీద జనాన్ని దాటిస్తుంటే భుజం సలుపు మామూలుదే, మనసులో సలుపు మాత్రం కొత్తది. అవతల జనం దిగుతుంటే ఏ ఒక్కడూ ఆయన మొహం చూడలేదు. ఎవరి చేతి సంచీ వాళ్లది, ఎవరి తొందర వాళ్లది. చూడకపోవడం కొత్తేమీ కాదు, ఆయన గమనించడం కొత్త. ఈ జనానికి కావలసింది ఒడ్డు చేరడం, చేర్చేవాడు ఎంత పళ్లు బిగిస్తే వాళ్లకేమిటి? అలసిపోయాననుకున్నాడు. ఆ మాట మనసులోనైనా ఒప్పుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు తనే మెకానిక్కు కొట్టుకి వెళ్లి, ఆ నూనెదే పెట్టమన్నాడు. వెళ్లినవాడికి ఊరికే వస్తుందా సామాను, సవాలక్ష ప్రశ్నలు. ఇంజను బలమెంత, బోటు వెనక చోటెంత, సిలిండరు ముందు వైపు బిగించాలా పక్కకా? పంపు రెండు రకాలు. పెద్దదైతే చక్రం తక్కువ చుట్లు తిప్పితే చాలు, కానీ కొంచెం గట్టిగా ఉంటుంది. చిన్నదైతే చుట్లు ఎక్కువ, వేలితో తిప్పినా తిరుగుతుంది. పాత సరంగైతే పెద్దదే అనేవాడు, కింద పడ్డా పైచేయి నాదే అనే రకం కదా. ఈసారి చిన్నదే అన్నాడు. మెకానిక్కు తలెత్తి చూసి, చిన్నదని రాసుకున్నాడు.

సామాను వచ్చాక మెకానిక్కు పాత చక్రం ఊడదీశాడు. అది ఉన్న పలక కుళ్లిపోయింది, కొత్త పలక కోసి పంపుకి కన్నం పెట్టాలి. "ఇక్కడ నిలబడు బాబాయ్. చేతులు చాపు, ఎత్తు గుర్తు పెట్టుకుంటాను. ఒకసారి కోశాక మళ్లీ మార్చడం కుదరదు," అన్నాడు పెన్సిలు తీసి.

సరంగు నిలబడ్డాడు. ఎడంచెయ్యి లేచింది. కుడిచెయ్యి నడుం దాటి నాలుగు వేళ్లంత ఎత్తు పైకొచ్చి ఆగిపోయింది. అక్కడే ఉంచి, అదే తనకి కావలసిన ఎత్తన్నట్టు నటిద్దామా అని ఒక క్షణం అనుకున్నాడు. అవతల బోటు ముందువైపు భార్య వంగి తడితాడు చుడుతోంది.

"నాది కాదులే," అన్నాడు. "మీ పిన్ని ఎత్తుకి పెట్టు."

ఆవిడ తాడు పట్టుకునే లేచి నిలబడింది. నా ఎత్తు ఎందుకయ్యా అంది. అప్పుడు చెప్పాడు, డాక్టరు మాటల్లో ఇంటికి తేకుండా దాచిన సగం. చక్రం ముట్టుకోవద్దన్నాడని, ముట్టుకుంటే ఈ చెయ్యి ఇక లేవదన్నాడని. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

"మరి తాడెవరు కడతారు? టిక్కెట్లెవరు కోస్తారు?" అంది.

"నేను. ఎడంచెయ్యి చాలు దానికి."

ఆవిడ ఏట్లో చేతులు కడుక్కుని తుడుచుకుంది. వచ్చి ఆయన నిలబడే చోట నిలబడింది. మెకానిక్కు పెన్సిలు పెట్టబోతే ఆపి, "ఇంకాస్త కిందికి పెట్టు నాయనా. రోజంతా పట్టుకుని నిలబడాల్సింది నేనేగా," అంది. ఆవిడ కూడా అలసిపోయిన మనిషే, ఎవరూ అడగలేదంతే.

సరంగు వెళ్లి జనం కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి చూస్తే చక్రం దగ్గర నిలబడ్డ మనిషి వీపొక్కటే కనిపిస్తుంది. హమ్మయ్య అనుకున్నాడు. అనుకోగానే ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకోబోతే కుడిచెయ్యి లేవలేదు, ఎడంచేత్తో తుడుచుకున్నాడు.