గ్లూకోజు హుషారు

కుక్కపిల్లల దుకాణంలో పనిచేసే ఆవిణ్ణి అందరూ అక్క అనే పిలుస్తారు. షట్టరు లేవకముందే గాజు అరలు తుడిచి, నీరసంగా పడుకున్న కుక్కపిల్లల నోట్లో సిరంజితో గ్లూకోజు నీళ్ళు పోసి, చెవులు దువ్వి, వాసన రాకుండా పౌడరు అద్దుతుంది. కాసేపటికల్లా అవి గాజు మీదకి ఎగురుతుంటాయి. వచ్చినవాళ్ళు "అబ్బ, ఎంత హుషారో!" అని మురిసిపోతుంటే, బెల్లం కొట్టిన రాయిలా నిలబడుతుంది. ఆ హుషారు ఇంటికెళ్ళాక దిగిపోతుందని ఆవిడకి తెలుసు.

మొన్న ఆవిడ సొంత తమ్ముడే కూతుర్ని వెంటబెట్టుకొచ్చి తెల్ల కుక్కపిల్లని చూపించాడు. యజమాని ఫోన్లో ఉండటం చూసి, అక్క అతని చెవిలో గబగబా చెప్పింది. "వద్దురా. వీటి తల్లిని నేనే ఎన్నడూ చూళ్ళేదు, ఎవరో వ్యానులో దింపిపోతారు. దిక్కులేని కుక్కల షెల్టర్లో బోలెడున్నాయి, ఒకదాన్ని తెచ్చుకో. కొనే తీరాలంటే తల్లిని చూపించేవాళ్ళ దగ్గర కొను." తమ్ముడు పాపని తీసుకుని వెళ్ళిపోయాడు. గండం గడిచినట్టు అక్క ఊపిరి పీల్చుకుందో లేదో, మరో తండ్రీ కూతురూ లోపలికొచ్చారు. "మీవాళ్ళకైతే ఏది ఇప్పిస్తారమ్మా?" అని అడిగాడాయన నమ్మకంగా. యజమాని ఫోను పెట్టేసి ఇటే చూస్తున్నాడు. అక్క ఆ తెల్లదాన్నే ఎత్తి పాప చేతుల్లో పెట్టింది.

"ఇదేనండీ" అంది, పాప మొహంకేసి చూడకుండా.