నర్సమ్మ ఇంట్లో పలికిన దయ్యం

మా ఊరి నర్సమ్మ నాగలక్ష్మమ్మ తన ఇంటి లోపలి గదిలో ఒక దయ్యాన్ని పెట్టుకొని ఉందట. ఆమె లైసెన్సు పీకేయడానికి అనంతపురం నుంచి ఆఫీసరు వస్తే, ఆ దయ్యం తలుపు వెనక నుంచి సాక్ష్యం చెప్పిందట. ఆడగొంతుతో మొదలుపెట్టి, ఉన్నట్టుండి ఫిర్యాదు ఇచ్చిన గురప్ప గొంతుతోనే మాట్లాడిందట. గురప్ప జడుసుకొని కేసు వదులుకొని గుండు కొట్టించుకున్నాడట.

బెళుగుప్ప బస్సులో ఒకామె ఈ కథను నా పక్కన కూర్చొని నాకే చెప్పింది. దయ్యానికి పళ్లు ఇంత పొడుగుంటాయని చేత్తో చూపించింది. నేను నోరు మూసుకొని తల ఊపాను. నా పళ్లు కొంచెం ఎత్తే, కానీ మరీ అంత కాదు.

నోరు మూసుకొని తల ఊపడం నాకు బాగా వచ్చిన విద్య. మిగిలిన చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. వానలు లేని ఏడాది మా నాయన బయ్యన్న గొర్రెలను తోలుకొని మడకశిర పక్కకు పోతే, తమ్ముళ్లను చూసుకోవడానికి నన్ను బడి మాన్పించారు. వాళ్లు కాస్త పెద్దయ్యాక అమ్మ నన్ను నర్సమ్మ దగ్గర పనికి పెట్టింది. ప్రభుత్వ ఆరోగ్య సబ్ సెంటరు అంటే ఆమె అద్దెకు ఉన్న ఇంటి ముందుగదే. వెనక గదిలో పొయ్యి. వంట చేయడం, సూదులూ సిరంజీలూ నీళ్లలో ఉడకబెట్టడం నా పని. మగవాళ్ల గొంతు వినబడితే చాలు, నేను తలుపు వెనక ఉండేదాన్ని. ఒకసారి పోస్టుమాను మంచినీళ్లు అడిగితే, చెంబు గడప మీద పెట్టి కాలితో ముందుకు తోశాను. ఆయన పాపం చాలాసేపు గడపకే దండం పెట్టినట్టు వంగి నిలబడ్డాడు.

నాగలక్ష్మమ్మ ధర్మవరంలో మగ్గాల ఇంటి బిడ్డ. నర్సు ట్రైనింగు అయ్యాక ప్రభుత్వం ఆమెను మా ఎర్రమట్టి ఊళ్ల మధ్య పడేసింది. గొడుగు పట్టుకొని ఊరూరూ నడిచి, కాన్పులు చేసి, పిల్లలకు టీకాలు వేసి వచ్చేది. అన్నం తినేటప్పుడు మాత్రం, "సుంకీ, ఈపొద్దు ఎవరెవరు వచ్చినారే?" అని అడిగేది. అప్పుడు నేను తలుపు వెనక విన్నవాళ్లందరినీ వాళ్లవాళ్ల గొంతులతో చేసి చూపించేదాన్ని. ఆమె నవ్వు ఆపుకోలేక సంగటి ముద్ద పక్కన పెట్టేసేది. ఈ లోకంలో ఆమె ఒక్కదాని ముందే నాకు గొంతు వచ్చేది. అదీ ఇంకొకరి గొంతు.

గురప్ప చెనిక్కాయల వ్యాపారి. కాలి మీద దెబ్బ చీము పడితే, అనంతపురంలో పెన్సిలిన్ సీసా కొనుక్కొని ఒకరోజు ఉదయం మా ఇంటికి వచ్చాడు.

"నర్సమ్మా, బిరీన పొడువు. బస్సుకు టైమైతాంది."

"కూచో అన్నా. చేతికి చుక్క మందేసి చూడల్ల. అరగంట పడుతుంది. ఇది కొందరికి పడదు."

"అరగంటా! నేనేమన్నా పెండ్లిచూపులకు వచ్చినానా? టెస్టూ లేదు, గిస్టూ లేదు."

"అట్లయితే సూదీ లేదు."

"మా బామ్మర్ది వెంకటేశులయితే చెప్పు ఇడవకముందే పొడుస్తాడు!"

అని దగ్గి, వక్కాకు వీధిలో ఉమ్మి పోయాడు. వెంకటేశులు సైకిలు మీద సూదిపెట్టె కట్టుకొని తిరిగే మనిషి. ఏ పరీక్షా పాసు కాలేదు. బావ రాగానే ఎదురుగా టీ హోటలు బెంచీ మీదే పొడిచేశాడు.

కాసేపటికి గురప్ప ఒళ్లంతా గీరుకుంటూ, పెదవులు బూరెల్లా ఉబ్బి, మళ్లీ మా మెట్ల మీదికే వచ్చి పడ్డాడు. నాగలక్ష్మమ్మ ఆయనను పడుకోబెట్టి, కాళ్ల కింద పీట పెట్టి, ఇలాంటి వేళకని దాచి ఉంచిన మందు ఎక్కించి, బస్సుకు అడ్డంగా నిలబడి ఆపించింది. ఆయన ఎక్కాలనుకున్న బస్సే దొరికింది. కూర్చొని పోవాల్సినవాడు పడుకొని పోయాడు, అంతే.

గురప్ప బతికాడు. కానీ ఊరంతా చూసింది ఆయన మా మెట్ల మీద పడి ఉండటమే. సొంత బామ్మర్ది సూది వల్ల పడ్డానని చెప్పుకుంటే ఇంట్లో పెండ్లాం అన్నం పెట్టదు. అందుకే నర్సమ్మ తప్పుసూది వేసిందని వకీలు చేత నోటీసు పంపించాడు. హైదరాబాదు నర్సుల కౌన్సిలులో ఆమె రిజిస్ట్రేషన్ కొట్టేయిస్తానని, ఇక ఈ జన్మలో సూది పట్టకుండా చేస్తానని అందులో ఉంది. వెంకటేశులుకు మాత్రం ఏ బెదిరింపూ లేదు. రిజిస్ట్రేషన్ ఉంటే కదా పోవడానికి!

నాగలక్ష్మమ్మ ఆ రోజు అన్నం తినలేదు. "ఇది పోతే మళ్లీ మగ్గం గుంటలోకే సుంకీ. నా చేతులు ఆ పని మర్సిపోయినాయి" అంది.

హెల్త్ సూపర్‌వైజరు రామదాసు ఆమె మేలు కోరేవాడు. ఆయన సలహాలకు కొదువ లేదు. ఇంకో నోటీసు వస్తే పోస్టుమానుకు కనపడొద్దన్నాడు. గోడ మీద అద్దం కట్టిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టును దాచేయమన్నాడు. అది వాళ్ల చేతికి దొరక్కపోతే దేన్ని కొట్టేస్తారు? నాకు ఆ మాట ఎంతో తెలివైనదిగా తోచింది. ఆమె స్నానానికి పోగానే సర్టిఫికెట్టును రాగుల డబ్బాలో పూడ్చి, పైన మూత పెట్టి, మూత మీద రోకలి కూడా పెట్టాను.

బెళుగుప్ప డాక్టరు గారు సంగతి విని, ఆమె సర్టిఫికెట్టు అడిగారట. డబ్బాలో నుంచి తీసుకుపోయిన దాన్ని ఆయన దులిపితే బల్ల మీద రాగులు రాలాయట.

"రిజిస్ట్రేషన్ ఉండేది కౌన్సిలు పుస్తకంలోనమ్మా, మీ డబ్బాలో కాదు. పోస్టు వద్దని తిప్పి పంపితే నీకు ముట్టినట్టే లెక్క గడతారు. వస్తే తీసుకో. వకీలు నోటీసు తీర్పు కాదు. నీ మాట వినకుండా కౌన్సిలు ఏమీ చేయదు. జరిగింది జరిగినట్టు రాసి జవాబియ్యి, నాకొక కాపీ పెట్టు. గురప్ప ఇంటికి పోయి బతిమాలొద్దు. తిట్టొద్దు కూడా."

ఆమె అలాగే రాసి పంపింది. అయితే ఒక చిక్కు ఉంది. పొద్దున సూది వేయలేదు కాబట్టి, తర్వాత బస్సు హడావుడిలో పడి, ఆ రోజు రోగుల రిజిస్టరులో గురప్ప పేరే ఎక్కలేదు. రామదాసు రిజిస్టరు తెరిచి చూపించాడు.

"ఈడ ఒక గీత ఖాళీ ఉండాది కదమ్మా. టెస్టు వద్దన్నాడు, సూది వేయలేదు అని గీకేయి. అబద్ధమా ఏమన్నా?"

"నిజమేనన్నా. కానీ ఆ పొద్దు రాసింది కాదు కదా."

నేను అప్పటికే సిరాబుడ్డి మూత తీసి గడప మీద పెట్టి ఉన్నాను. మళ్లీ మూత పెట్టాను.

గురప్ప కౌన్సిలుకు ఫిర్యాదు పెట్టనే పెట్టాడు. విచారణకు అనంతపురం ఆరోగ్య శాఖ ఆఫీసరు మా ముందుగదికే వచ్చారు. డాక్టరు గారు పక్కన. ఊరు గోడ అవతల. గురప్ప తెల్లపంచె కట్టుకొని వచ్చాడు.

"టెస్టు మాటే ఎత్తలేదు సార్ ఈయమ్మ. నేనే అడిగితి, యమ్మా, టెస్టు చేసి వేయమ్మా అని!"

"మీకు సాక్షులున్నారా?" అని ఆఫీసరు నర్సమ్మను అడిగారు.

"లోపల ఒక బిడ్డ ఉండాది సార్. అంతా ఇనింది. బయటికైతే రాదు."

"పిలువు."

ఆమె పిలిచింది. నా కాళ్లు రాలేదు. నేను వాటిని అడిగాను కూడా. "సరే, ఆన్నుంచే చెప్పమ్మా" అన్నారు ఆఫీసరు. "సార్..." అన్నాను. నా సొంత గొంతు ఆ ఒక్క మాటకే అయిపోయింది. నర్సమ్మ చేతులు ఒళ్లో పెట్టుకొని నేల చూస్తూ కూర్చొని ఉండటం తలుపు సందులో నుంచి కనిపిస్తోంది. నాకు ఏం చేయాలో తెలియక, రోజూ అన్నాల దగ్గర చేసే పనే చేశాను.

"అరగంటా! నేనేమన్నా పెండ్లిచూపులకు వచ్చినానా? టెస్టూ లేదు, గిస్టూ లేదు. మా బామ్మర్ది వెంకటేశులయితే చెప్పు ఇడవకముందే పొడుస్తాడు!"

తర్వాత దగ్గు. అలవాటు కొద్దీ ఉమ్మిన చప్పుడు కూడా చేశాను.

గోడ అవతల ఎవరో "ఓయమ్మో" అన్నారు. గురప్ప ఎగిరి నిలబడ్డాడు.

"ఏయ్! అది నేను తమాషాకు అంటి! వాని సూది నాకు పడదని నాకేం తెలుసు?"

ఆఫీసరు అప్పుడే మూసిన పెన్ను మూత మళ్లీ తీశారు.

"ఎవరి సూది?"

ఆ తర్వాత సంతకానికి నేను బయటికి రాక తప్పలేదు. అప్పటికి గోడ అవతల ఒక్కరూ లేరు, అందరూ పరుగెత్తి పోయారు. అందుకే దయ్యం సంతకం ఎవరూ చూడలేదు. గురప్ప గుండు మాత్రం నిజం, అది మనవడి మొక్కు.

కొన్నాళ్లకు కౌన్సిలు నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె రిజిస్ట్రేషన్ మీద చర్య ఏదీ లేదు.

అనంతపురం ఆఫీసు నుంచి వచ్చింది వేరే కాగితం. వచ్చిన రోగి పేరు ఆ రోజే రిజిస్టరులో ఎక్కించనందుకు నాగలక్ష్మమ్మకు మెమో ఇచ్చి, ఒక ఇంక్రిమెంటు ఆపేశారు.