డ్రైవర్ దిగిపోయిన ట్రాక్టర్

డ్రైవర్ లేని కారు గురించి ఎవరన్నా గొప్పగా చెబితే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. తొంభైల్లో పేపర్లో వచ్చింది, పరదేశంలో అలాంటి కారు తయారుచేస్తున్నారని. జడ్చర్లలో చాయ్ తాగుతుంటే ఎవరో చదవగా విని వచ్చాడు మా ఆయన. ఆయన ఊళ్లో పటేలు దగ్గర ట్రాక్టర్ డ్రైవరు.

"గా పని మనం జేయలేమా?" అన్నాడు. ఆయనకు ఏదన్నా తోచిందంటే చేసి చూసేదాకా కుదురుండదు.

జొన్న చొప్ప ఎత్తే రోజులు. కట్టలు ట్రాలీలోకి విసరడానికి మేమిద్దరమే. తక్కువ గేరులో వేసి, చేతి యాక్సిలేటర్ కాస్త జరిపి, తనూ కట్టలు విసరడానికి ఆయన దిగిపోయాడు. బండి కొంచెం దూరం పోయి గట్టు వైపు మళ్లింది. మర్నాడు స్టీరింగును రెండు పక్కలా తాడుతో సీటుకు బిగించాడు. సగం చేను తిన్నగా పోయింది. మూడోనాడు ఆ చివరిదాకా! అక్కడ ఆయనే ఎక్కి, తాడు విప్పి మలిపాడు. పక్క చేలవాళ్లు పనులాపి చూశారు. ఇక మా ఆయన్ని పట్టేదెవరు!

"ఎదురుంగ ఎవలన్న వస్తె ఎట్లనయ్యా? దానికేమన్న కండ్లున్నయా?" అన్నాను.

"చేన్ల ఎవలొస్తరే? ఊకె ఫికర్ జేస్తవు."

నా చెయ్యి కట్ట మీద, కన్ను ముందు చక్రం మీద. ఒక కట్ట విసరడం, వంగి చూడటం. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

నాలుగోనాడు మా ఐదేళ్ల బిడ్డ నీళ్ల చెంబుతో గట్టు దిగి చేన్లోకి వచ్చింది. ట్రాక్టర్ సూటిగా దాని మీదికే పోతోంది. అది కదలదే!

"పక్కకు ఉరుకవే!" అని అరిచాను. ఇంజిన్ చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. పరుగెత్తి, బండెక్కి స్టీరింగు పట్టి గుంజాను. తాడు బిగించి ఉంటే నా పాడు చేతులకు ఎక్కడ తిరుగుతుంది! అవతలి పక్క నుంచి ఆయన ఎక్కి ఇంజిన్ బంద్ చేసేసరికి బండికీ బిడ్డకూ మధ్య మూరెడు జాగా మిగిలింది.

దిగి బిడ్డ వీపు మీద ఒక్కటి చరిచాను. చరిచి నేనే ఏడ్చాను.

"బండి గనవడ్తలేదా? ఎందుకు ఉరకలేదే?"

ఎత్తైన బానెట్ వెనక సీటు ఖాళీగా ఉందని ఆ పొట్టిదానికి ఏం తెలుస్తుంది? నా వంక, వాళ్ల నాయన వంక బిత్తరగా చూసింది.

"బాపు జూసి ఆపుతడు గదా అని నిలవడ్డనమ్మా," అంది.