ఆరు కేబీల మూట

మెయిల్‌లో అటాచ్‌మెంట్ పక్కన ఆరు కేబీ అని ఉంది, ఒక్క ఫోటోకు కూడా చాలని సైజు. పదకొండు కథలు, అవీ మా ఆయన గొంతుతో. ఆరు కేబీల్లో ఎలా పడతాయి?

పిల్లలకు అప్పటికే చెప్పేశాను, నాన్న కథలు వచ్చాయని.

నైట్ షిఫ్టుల్లో తీరిక దొరికినప్పుడు ఆయన ఇంట్లో పిల్లలకు చెప్పే కథలే మళ్లీ చెప్పి ఆఫీసు కంప్యూటర్‌లో రికార్డు చేసుకునేవాడు. పాప పుట్టినరోజుకు ఇద్దామని ఎవరికీ వినిపించలేదు, పదకొండయ్యాయని మాత్రం నాకు చెప్పాడు. ఆ రోజు రాకముందే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బండి మీద నుంచి పడి చనిపోయాడు. ఏడు నెలల తర్వాత, ఆ కంప్యూటర్‌ను మార్చేస్తున్నారని తెలిసి, ఆయనతో పనిచేసినతను కథలు నాకు మెయిల్ చేశాడు.

వచ్చింది ఒకే ఫైలు. వాళ్ల ఆఫీసు మెయిల్ ఏం పంపినా జిప్ అనే ఒక మూటగా కట్టి పంపుతుందట. నా ఫోనుకు దాని ముడి విప్పడం రాదు.

"డిగ్రీల కంప్యూటర్లే చదివినవంట గదా మమ్మీ, గిది ఓపెన్ చేయరాదా?" అంది పాప.

ఆ ఆరు కేబీల్లో ఏమీ లేదంటారేమోనన్న భయంతోనే మూడు రోజులు ఎవరినీ అడగకుండా ఫోనుతో తంటాలు పడ్డాను. నాలుగో రోజు నాచారంలో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్తే, అక్కడామె పది నిమిషాల్లో విప్పింది. లోపల ఆయన పెట్టిన పేరే ఉంది: పాప కథలు. ఆమె దాన్ని రెండుసార్లు నొక్కి చూసి నా వైపు తిరిగింది.

"గిది ఫైల్ కాదక్కా, షార్ట్‌కట్. గల్లీ మొదట్ల బాణం గుర్తు బోర్డు ఉంటది సూడు, గట్ల. ఇల్లు గా కంప్యూటర్లనే ఉన్నది."

అక్కడి నుంచే ఆ మెయిల్ పంపినతనికి ఫోన్ చేశాను.

"స్క్రీన్ మీద గదే కనవడ్డది వదినా. గదే పంపిన" అన్నాడు.

"కంప్యూటర్ ఏడున్నదన్నా?"

"నిన్న సాయంత్రమే మొత్తం తుడిచేసి వేరేటోళ్లకు ఇచ్చిన్రు" అన్నాడు.

ఇంట్లో ఆయన పిల్లలకు కథ మొదలుపెట్టే వేళకు నేను గిన్నెలు తోముతుండేదాన్ని. మొదటి మాటలు వినబడేవి, మిగతావి నీళ్ల చప్పుడులో కలిసిపోయేవి. ఒక్క కథకూ ముగింపు నాకు తెలియదు. బాబుకు మూడేళ్లు. వాడికి నాన్న ఇప్పటికే గోడ మీద ఫోటో.

మర్నాడు పొద్దున బడికి పంపేముందు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను.

"నాన్న కథలు రాలే బిడ్డా. ఇగ రావు. నేనే ఆలస్యం జేసిన. మీకు ఎంత యాదికున్నదో గంత ఇయ్యాల్నే నాకు చెప్పుండ్రి. రేపటికి ఉంటదో, ఉండదో."